మీడియా బర్న్ ఆర్కైవ్: ఎడిట్ చేయని టేపులు కూడా చూసే ఓపిక ఉన్నవాళ్లకి

వీడియో ఆర్ట్, ఇండిపెండెంట్ మీడియా చరిత్ర గురించి చదివితే పేర్లయితే బోలెడు తెలుస్తాయి గానీ, అసలు వీడియోలు చూద్దామంటే తేలిగ్గా దొరకవు. చాలావరకు మ్యూజియంల దగ్గరో, డబ్బు కట్టించుకుని ఇచ్చే డిస్ట్రిబ్యూటర్ల దగ్గరో ఉంటాయి. చికాగోలోని మీడియా బర్న్ ఆర్కైవ్ మాత్రం వేల వీడియోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 2003లో దీన్ని మొదలుపెట్టిన టామ్ వైన్‌బర్గ్ 1970ల్లో సొంతంగా వీడియో డాక్యుమెంటరీలు తీసిన టీవీటీవీ అనే బృందంలో పనిచేసినవాడే, అందుకే ఏ టేపు ఎందుకు దాచాలో తెలిసినవాళ్ల చెయ్యి ఇందులో కనిపిస్తుంది.

మొదట 'ఫోర్ మోర్ ఇయర్స్' చూడండి. 1972లో మయామీ బీచ్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ని మళ్లీ అభ్యర్థిగా నిలబెట్టిన రిపబ్లికన్ పార్టీ సభని టీవీటీవీ వాళ్లు సోనీ పోర్టాపాక్‌తో తీశారు. అది భుజాన వేసుకుని తిరగగలిగే రికార్డర్, అరంగుళం టేపు, నలుపు తెలుపు బొమ్మ. పెద్ద నెట్‌వర్కులు వేదిక మీద ప్రసంగాలు చూపిస్తుంటే వీళ్లు హాల్లో తిరుగుతూ నిక్సన్ యువ మద్దతుదారుల హడావుడిని, బయట వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల నిరసనని, చివరికి వార్తలు చెప్పడానికి వచ్చిన రిపోర్టర్లనే పట్టుకుని మీ పని మీద మీ అభిప్రాయమేంటని అడగడాన్ని చూపించారు. లైట్ మీదకి కెమెరా తిరిగినప్పుడల్లా వెనక తెల్లటి తోకలా గీత మిగిలిపోతుంది, అది ఆ కాలపు కెమెరాల్లో బొమ్మని పట్టే ట్యూబ్ లక్షణం, మీ స్క్రీన్ పాడైందని కంగారుపడకండి.

ఇలాంటి టేపు టీవీలో రావడమే అప్పట్లో పెద్ద గొడవ. సిగ్నల్ నిలకడగా ఉండదని స్టేషన్ ఇంజినీర్లు ఒప్పుకునేవారు కాదు. ఆ సిగ్నల్‌ని నిలకడగా సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం వచ్చాకే దారి తెరుచుకుంది, టీవీటీవీ తీసిన 'లార్డ్ ఆఫ్ ది యూనివర్స్' 1974లో అమెరికా పబ్లిక్ టీవీ నెట్‌వర్క్ పీబీఎస్‌లో దేశమంతా ప్రసారమైంది. హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియంలో 15 ఏళ్ల ఆధ్యాత్మిక గురువు గురు మహరాజ్ జీ సభ మీద తీసిన డాక్యుమెంటరీ అది.

ఈ సైట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎడిట్ చేయని ఫుటేజ్. పూర్తయిన సినిమా దర్శకుడు ఏం చెప్పదలుచుకున్నాడో చెబుతుంది, ముడి టేపులో మాత్రం ప్రశ్న అడిగాక అవతలి మనిషి ఎంతసేపు ఆలోచించాడో, కెమెరా పట్టుకున్నవాళ్లు ఎప్పుడు తడబడ్డారో కూడా తెలుస్తుంది. చాలా వీడియోల కింద ఏ నిమిషంలో ఏముందో వివరంగా రాసి, ఆ చోటుకే లింక్ తీసుకునే వీలు పెట్టారు. గంట టేపులో రెండు నిమిషాలు వెతుక్కునేవాళ్లకి ఇది ఎంత మేలో చెప్పలేను. పైగా మాగ్నెటిక్ టేపు పొర ఏళ్లు గడిచేకొద్దీ జిగురుగా మారిపోతుంది, ముందు తక్కువ వేడిలో ఆరబెట్టి అప్పుడు కాపీ తీయాల్సి వస్తుంది. ఆ పని ఆలస్యమైతే ఆ టేపు ఇక ఉండదు.

లోటు ఏంటంటే, చికాగో మనుషులు, చికాగో రాజకీయాలు మరీ ఎక్కువ, చికాగో రచయిత, రేడియో ఇంటర్వ్యూలకి పేరుపడ్డ స్టడ్స్ టెర్కెల్ ఎవరో తెలియనివాళ్లకి మొదట్లో కాస్త పరాయిగా అనిపిస్తుంది. కొన్ని పాత టేపుల్లో మాట సరిగ్గా వినపడదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే. ఆర్టిస్ట్ జోన్ జోనాస్ తీసిన 'వర్టికల్ రోల్' లాంటి గ్యాలరీ వీడియో ఆర్ట్ కోసమే వచ్చేవాళ్లు మాత్రం అదే ఊళ్లో 1976లో మొదలైన వీడియో డేటా బ్యాంక్ కేటలాగ్ చూడటం మంచిది, కాకపోతే అక్కడ పూర్తి నిడివి చూడటానికి సాధారణంగా డబ్బు కట్టాలి. వీధిలో, సభల్లో, ఇళ్లల్లో తీసిన వీడియో కావాలంటే మీడియా బర్న్‌కే నా ఓటు. అయిదుకి నాలుగున్నర ఇస్తాను, తగ్గించిన అర ఆ వినపడని సౌండ్‌కి.