మేమిచ్చిన కరెంటుకి మాకే బిల్లు

ఇంటి మీద సోలార్ పెట్టి, నెట్ మీటరింగ్‌లోకి వచ్చి మూడేళ్లు దాటింది. అంటే మనం వాడగా మిగిలిన కరెంటు బయటి లైనుకిస్తే, మనం తీసుకున్న యూనిట్లలోంచి దాన్ని తగ్గించి బిల్లు వేస్తారు. ప్యానెళ్ల వాట్లు, వారంటీల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పేదల్లా మీటర్ గురించే. మొదటి నెలంతా నన్ను ఏడిపించింది అదే, తర్వాత అన్నిటికన్నా నచ్చిందీ అదే.

ప్యానెళ్లు బిగించడం రెండు రోజుల్లో అయిపోయింది. రెండు వైపులా లెక్కపెట్టే మీటర్ రావడానికి మాత్రం వారాలు పట్టింది. "అప్పటిదాకా ఖాళీగా ఎందుకండీ, ఆన్ చేసుకోండి, ఏం కాదు" అన్నాడు బిగించినతను. చేసుకున్నాం. నెల తిరిగేసరికి బిల్లు తగ్గకపోగా పెరిగింది.

ఓ ఆదివారం మిట్టమధ్యాహ్నం, ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టర్ ఒక్కటీ వదిలేసి ఇంట్లో అన్నీ ఆపేశాను. ఫ్యాన్ కూడా తిరగడం లేదు. మీటర్ మీది ఎర్ర లైటు మాత్రం టపటపా కొట్టుకుంటోంది. మబ్బు పడితే నెమ్మదిస్తోంది, ఎండ కాయగానే మళ్లీ జోరు. గీజర్ వేయమని లోపలికి కేకేశాను. లైటు దాదాపు ఆగిపోయింది! రెండు కిలోవాట్ల గీజర్ వేస్తే మీటర్ నెమ్మదించడం ఎక్కడైనా చూశారా? ప్యానెళ్ల కరెంటంతా గీజర్ లాగేసుకుంటే బయటికి పోయేది మిగల్లేదు మరి. ఆ పాత డిజిటల్ మీటర్‌కి కరెంటు ఎటు పోతోందో పట్టదు. వచ్చినా పోయినా మా వాడకం కిందే రాసేస్తోంది. చక్రం తిరిగే కాలం నాటిదైతే వెనక్కి తిరిగేదేమో. ఆ డబ్బులు తిరిగి రాలేదు. అనుమతి రాకుండా ఆన్ చేసింది మేమే కదా, ఎవరిని అడుగుతాం?

కొత్త మీటర్‌లో 1.8.0 అని వస్తే గ్రిడ్ నుంచి, అంటే బయటి కరెంటు లైను నుంచి, మనం తీసుకున్నది, 2.8.0 అని వస్తే ఇచ్చింది. అక్కడా నాకు ఇంకో టెన్షన్ మొదలైంది. ఒక నెల ప్యానెళ్ల లెక్క చూపే యాప్‌లో 340 యూనిట్లు తయారైనట్టుంది, 2.8.0 కింద పెరిగింది 240. వంద యూనిట్లు ఎవరు మింగారు? మేమే. పగలు ఫ్రిజ్, మోటారు, ఆదివారాల వాషింగ్ మెషిన్ వాడుకున్నది మీటర్ దాకా రాదు. రాత్రిళ్లు తీసుకున్నవి 265, ఇచ్చినవి 240. బిల్లు 25 యూనిట్లకే.

"మాకు బిల్లు సున్నా" అని చుట్టాలందరికీ చెప్పుకున్న రోజులున్నాయి. ఇచ్చింది ఎక్కువైన నెలల్లో యూనిట్లు సున్నానే, ఫిక్స్‌డ్ ఛార్జీ మాత్రం తప్పదు. ఇంకోటి, మంచి ఎండలో కరెంటు పోతే ప్యానెళ్లూ పడుకుంటాయి. లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనే ఆగిపోతుంది. బ్యాటరీ లేదు కాబట్టి మాకు అప్పుడు చీకటే.

మా ఇంట్లో పగలు ఎవరూ ఉండరు, వాడకమంతా రాత్రే. యూనిట్‌కి యూనిట్ సరిపెడుతున్నారు కాబట్టి మాకు కలిసొచ్చింది. ఇచ్చిన యూనిట్‌కి తక్కువ రేటు కట్టే చోట ఉండుంటే ఇంత సంబరంగా రాసేవాణ్ణి కాదేమో. పగలే ఎక్కువ వాడే ఇళ్లకి ఆ తేడా అంతగా తగలదు.

నెలాఖరున 2.8.0 అంకెని ఫోటో తీసుకోవడం మాత్రం ఇప్పటికీ మానలేదు.