గండికోట ఎర్రరాయి కోసం మళ్లీ

1988లో బంధువుల పెళ్లికి జమ్మలమడుగు వచ్చినప్పుడు నా యాషికా ఎలక్ట్రో 35 కెమెరాలో ఓర్వో కంపెనీ బ్లాక్ అండ్ వైట్ రీలు ఉంది. 36 ఫొటోల్లో 32 పెళ్లికే అయిపోయాయి. మిగిలిన నాలుగూ గండికోటలో తీశాను. ఆ తర్వాత బదిలీలు, పిల్లల చదువులు, ఇంటి లోను. యాషికా బీరువాలోకి చేరింది. పెన్నా లోయలోని ఆ ఎర్రరాయి మాత్రం నా ఆల్బంలో ఇన్నేళ్లూ బూడిదరంగులోనే ఉండిపోయింది.

పోయిన ఏడాది రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో కొంత పెట్టి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరా కొన్నాను. డిసెంబరులో మా ఆవిడతో కలిసి ప్రొద్దుటూరు నుంచి బయల్దేరాను. మొదట గండికోటే.

ఫొటోలు తీసేవాళ్లు బస చూసుకునేటప్పుడు గది ఎంత బాగుందని కాకుండా, తెల్లవారకముందే లోయ అంచుకు చేరగలమా అని చూసుకోవాలి. నాకు ఇది మొదటి రాత్రే తెలిసింది. నక్షత్రాలు తీద్దామని లోయకు దగ్గర్లో టెంటు తీసుకున్నాం. అర్ధరాత్రి దాకా స్పీకర్లు, టెంటు టెంటుకూ ఒక ఫ్లడ్ లైటు. ఆపమని అడిగితే "పార్టీ వాళ్లున్నారు సార్" అన్నారు. ఆకాశంలో చుక్క కనపడలేదు, మా ఆవిడకు కంటి మీద కునుకు లేదు. మనసు చివుక్కుమంది. రెండో రాత్రికి పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్‌కు మారాం. సాదా గది, వేడినీళ్లు, నిశ్శబ్దం. మా వయసు వాళ్లకు అంతకు మించి అక్కర్లేదు. జమ్మలమడుగు లాడ్జీల్లో ఖర్చు తగ్గుతుంది, భోజనానికి ఇబ్బంది ఉండదు. కానీ కోట 15 కిలోమీటర్లు. ఆ చీకట్లో బస్సును నమ్ముకోలేం, ముందురోజే ఆటో మాట్లాడుకోవాలి.

మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు టార్చి పట్టుకుని కోటలోకి నడిచాం. మాధవరాయస్వామి గోపురం నల్లగా నిలబడి ఉంది. జుమ్మా మసీదు, ధాన్యాగారం దాటి రాళ్ల మీద జాగ్రత్తగా ఎక్కాలి. పలకలు పేర్చినట్టుండే ఆ బండల మీద ట్రైపాడ్ కాలు జారుతుంది. కాళ్ల కింద చిన్న రాళ్లు అడ్డం పెట్టుకున్నాను. అంచు దగ్గర మాత్రం సాహసాలు వద్దు, కింద పెన్నా చాలా లోతులో ఉంది.

మొదట అంతా బూడిదరంగే, అచ్చం నా పాత ఫొటోలాగే. పొద్దు పొడిచిన కాసేపటికి ఎదుటి గోడ పైఅంచున సన్నటి ఎరుపు గీత పడింది. అది ఒక్కో పొరా దిగుతూ వచ్చింది. పగుళ్లలో మొలిచిన గడ్డి కూడా విడివిడిగా కనబడింది. ఐఎస్ఓ (వెలుగు పట్టే సున్నితత్వం) 100, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) 8, కెమెరా కదలకుండా రెండు సెకన్ల టైమర్. కార్డులో వేల ఫొటోలకు చోటుంది, అయినా నేను తీసినవి పదకొండే. రీలు రోజుల అలవాటు చెయ్యి వదల్లేదు, వదలాలని నాకూ లేదు. ఎనిమిదిన్నర అయ్యేసరికి రాయి పాలిపోయింది. పది గంటలకు కార్లలో దిగినవాళ్లు "ఎరుపెక్కడుంది?" అని వెతుక్కుంటుంటే పాపం అనిపించింది.

మధ్యాహ్నం రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి తిని, కారు మాట్లాడుకుని బెలూం గుహలకు వెళ్లాం. గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. లోపల ఉక్కపోత. ఏసీ కారులో చల్లబడిన లెన్స్ మీద క్షణంలో మంచు పట్టింది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పట్టింది. సంచిలో పెట్టి పావుగంట ఆగితే దానంతటదే విడిపోయింది. అందుకే కారు దిగే ముందే ఏసీ ఆపించండి. ట్రైపాడ్‌కు అనుమతుందో లేదో గేటు దగ్గరే అడగండి. నేను గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి ఐఎస్ఓ 3200లో తీశాను. రంగు లైట్లు నాకు నచ్చలేదు. నీరు వేల ఏళ్లు తొలిచిన సున్నపురాయి నునుపు వాటికింద సగం మరుగున పడిపోతోంది. తెల్ల లైటున్న మలుపుల దగ్గర ఆగి తీసిన మూడు ఫొటోలే నిలిచాయి. గుహల్లో అన్నిటికన్నా లోతున ఉన్న పాతాళగంగ దాకా మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. మా ఆవిడ పైనే కూర్చుంది.

ప్రొద్దుటూరులో 12కి 18 అంగుళాల సైజులో ఒక్క ప్రింటు వేయించాను. స్టూడియోలో ఎరుపు మరీ పెంచేశారు. తిరిగి వేయించాను. ఇప్పుడు సరిగ్గా ఆ పొద్దుటి రంగే.

మాఘమాసంలో మళ్లీ వెళ్తున్నాం, నక్షత్రాల కోసం. అమావాస్య చూసుకుని రెండు రాత్రులకూ హరితలోనే గది తీసుకున్నాను.