కన్సెంటా, టెంటా, కోర్టా? భూసేకరణ నోటీసు వస్తే ఏది మేలు

ఊళ్లో భూసేకరణ నోటీసు పడిన సాయంత్రమే ఎవరో ఒకరు మా అరుగు మీదకి వస్తారు. "సంతకం పెట్టీమంటారా మాస్టారూ, లేపోతే టెంటు కాడికి పొమ్మంటారా?" భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు, కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం, ఇప్పుడు పలాస వైపు ఇంకో విమానాశ్రయం మాట. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ ప్రశ్నకి కరువు లేదు. మా జీడితోట కొంత కాలువలో పోయినప్పుడు నాకూ మా తమ్ముడికీ ఇదే ప్రశ్న ఎదురైంది. వాడు కన్సెంట్ ఇచ్చాడు, అంటే రేటుకి ఒప్పుకుని సంతకం పెట్టాడు, నేను ఇవ్వలేదు. కాబట్టి నేను మరీ మధ్యస్థుణ్నని చెప్పుకోను.

ముందు టెంటు సంగతి, అంటే భూమి ఇవ్వమని కూర్చునే దీక్షా శిబిరం. పనే ఆగిపోవాలని కోరుకునేవాళ్లకి ఇంతకంటే గట్టి దారి లేదు. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు ఆగిందంటే జనం ఏళ్ల తరబడి దీక్షా శిబిరం వదలకపోవడం వల్లే. అయితే ఒక విషయం మరిచిపోతుంటాం. 2010 జులై 14న కాల్పులు జరిగిన రోజే పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అంటే వీధిలో పోరాటంతో పాటు బీల చిత్తడి నేల అని చూపించే కాగితం పోరాటమూ నడిచింది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంకో థర్మల్ ప్లాంటు వద్దన్న కాకరాపల్లిలో కూడా కాల్పులు జరిగాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి, మిగిలినవాళ్లు కేసుల వాయిదాలకి తిరిగారు. టెంటులో కూర్చోమని చెప్పడం సులువే. ఆ ఖర్చు తెలిసి చెప్పాలి. ఇంకొకటి, 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 కింద తొలి నోటిఫికేషన్ వచ్చాక 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. టెంటులో ఉన్నామని ఆ గడువు ఆగదు.

టెంటు దగ్గర తరచూ వినపడే మాట, "డబ్బు ముట్టుకోకపోతే భూమి పోదు" అని. పోతుంది. తీసుకోని సొమ్మును పరిహారం తగాదాలు తేల్చే భూసేకరణ అథారిటీలో జమ చేసి భూమి స్వాధీనం చేసుకుంటారు. కావాలని పరిహారం తీసుకోనివాళ్లు సేకరణ రద్దయిందని వాదించలేరని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పేసింది. 1978 సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుగా కూడా లేదు. ఇప్పుడున్నది 300ఏ అధికరణం, చట్టప్రకారం తప్ప లాక్కోకూడదని.

ఇక అసలు పోటీ కన్సెంటుకీ, అభ్యంతరంతో తీసుకునే అవార్డుకీ. అవార్డంటే కలెక్టర్ పరిహారం తేల్చి ఇచ్చే ఉత్తర్వు. అందరూ రేటు గురించే అడుగుతారు. నా మటుకు రేటు తర్వాత. ఏ సంతకం పెడితే కోర్టు తలుపు మూసుకుపోతుందో అది ముందు చూడాలి.

2013 చట్టానికి మన రాష్ట్రం 2018లో చేసిన సవరణతో, అందరూ రాసిచ్చి ఒప్పుకుంటే విచారణ లేకుండా అవార్డు ఇచ్చేయొచ్చు. డబ్బు త్వరగా వస్తుంది. మా తమ్ముడికి సంక్రాంతికి ముందే పడింది, సొసైటీ అప్పు తీర్చేశాడు. కానీ ఒప్పుకున్న రేటు మీద మళ్లీ మాట్లాడే వీలుండదు.

అవార్డు దారిలో లెక్క వేరు. రిజిస్ట్రేషన్ విలువ ఒకవైపు, చుట్టుపక్కల మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం వాటి సగటు ఇంకోవైపు చూసి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. గ్రామాల్లో దాన్ని రాష్ట్రం పెట్టిన గుణకంతో హెచ్చిస్తారు. చెట్లూ బావీ విలువ కలిపి, మొత్తం మీద నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనపు సొమ్ము ఇస్తారు. మన దగ్గర చిక్కంతా దస్తావేజుల్లోనే ఉంది. స్టాంపు ఖర్చు తగ్గుతుందని పది లక్షలకి కొన్నది నాలుగు లక్షలకి రాయించుకున్నవాళ్లమే కదా. ఆ పాపం ఇక్కడ బయటపడుతుంది. కోర్టుకెళ్లినా అదే అడ్డం వస్తుంది. జీడిచెట్ల వయసు, కాపు మాత్రం ఉద్యానశాఖ వాళ్లు లెక్కించేటప్పుడు పక్కనుండి రాయించుకోండి. మా తోటలో కాపుకొచ్చిన చెట్లని మొక్కలుగా రాసేశారు.

ఇంత చిక్కున్నా నేను ఇటే మొగ్గుతాను. చెక్కు తీసుకునేటప్పుడు "చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసిస్తే సెక్షన్ 64 కింద అథారిటీకి వెళ్లే హక్కు నిలుస్తుంది. ఆ మాట రాయకుండా తీసుకుంటే అడిగే హక్కే పోతుంది. చట్టంలో ఉన్న మాటే ఇది. అథారిటీ పెంచిన మొత్తం మీద స్వాధీనం నాటి నుంచి మొదటి ఏడాది 9, ఆ తర్వాత 15 శాతం వడ్డీ ఉంది. కాబట్టి ఆలస్యమంతా నష్టం కాదు. అవార్డు రోజు మీరు అక్కడుంటే గడువు ఆరు వారాలే. సరే, నా కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకి వెళ్లొచ్చిన ప్రతిసారీ "బస్సు చార్జీలైనా వచ్చాయా అన్నా?" అని మా తమ్ముడు నవ్వుతాడు. అప్పు మెడ మీద ఉన్నవాడికి వాడి దారే సరైనదేమో.

మిగతావి చెప్పుకోవాలంటే, హైకోర్టు రిట్ నోటిఫికేషన్‌లో తప్పుంటేనే పనికొస్తుంది, రేటు కోసం కాదు. భూమి ఇచ్చి బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకునే ల్యాండ్ పూలింగ్ పట్నం పెరిగే చోట తప్ప మన పల్లెలకి అతకదు. జాతీయ రహదారికి పోతే 1956 జాతీయ రహదారుల చట్టం, రేటు తగాదా తేల్చేది ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి. అది వేరే కథ. డీ పట్టా వాళ్లు, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి ఉన్నవాళ్లు, తక్కువకి తల ఊపొద్దు. పట్టా భూమితో సమానంగా ఇవ్వాలని 2004లోనే మన హైకోర్టు చెప్పింది.

అభ్యంతరం కాగితం రెండు ప్రతులు పట్టుకెళ్లండి. ఒకదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. నేనిచ్చింది ఫైల్లో లేదన్నారు. ముద్ర ఉన్న రెండోది బీరువాలో ఉండబట్టి నా కేసు నిలిచింది.