ఈఎస్‌ఐ కార్డు మీద కాన్పు: పైసా కట్టలేదు, పురుడు పోసిన సిస్టర్ పేరు మాత్రం ఎక్కడా లేదు

మా చెల్లి చెన్నైలో, అంబత్తూరు వైపు, ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో మెషిన్ మీద కుడుతుంది. జీతం 21,000 లోపే, అందుకని ప్రతి నెలా వందకి 75 పైసలు ఈఎస్‌ఐ (ఉద్యోగులకి ప్రభుత్వం నడిపే బీమా) కింద కోస్తారు, కంపెనీ తన వంతు 3.25 రూపాయలు వేస్తుంది. ఇన్నేళ్ళూ ఆ కోతని దండగ అని తిట్టుకున్నవాళ్ళమే. ఏడో నెలలో ఇంటి దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో అడిగితే నార్మల్‌కి 70 వేలు, ఆపరేషన్ అయితే లక్షా 20 వేలు అన్నారు, పైగా నార్మల్ అనే మాటని అదేదో దొరకని సరుకులా పలికారు. దాంతో కార్డు బయటికి తీశాం.

ఆసుపత్రి పేరు రాయను. ఓపీలో నిలబడి నిలబడి మాకే కాళ్ళు వాచాయి, బాత్రూముల సంగతి అడక్కండి. కానీ నొప్పులు మొదలైన రాత్రి లేబర్ రూమ్‌లో తోడుగా నేనున్నాను కాబట్టి అది చెప్పాలి. డాక్టరమ్మ వచ్చి చూసి, అంతా సరిగ్గానే ఉంది అని పక్క బెడ్ కేసుకి వెళ్ళింది. మిగతాదంతా ఒక్క సిస్టర్. అరగంటకోసారి బిడ్డ గుండె వినడం, కాగితం మీద చుక్క పెట్టడం, చెల్లిని పక్కకి తిప్పి పడుకోబెట్టడం, కాసేపు నడిపించడం, నడుం మీద గట్టిగా అదమడం. మా చెల్లికి తమిళం అంతంతమాత్రం, అయినా ఆవిడ "ముక్కుమ్మా, ముక్కు" అన్నప్పుడు అనువాదం అవసరం పడలేదు, ఆ మాట మనదీ అదేగా. బిడ్డ బయటపడగానే తుడిచి తల్లి రొమ్ము మీద వేసింది, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాకే కోసింది, గంటలోపు పాలు పట్టించింది. 2.9 కిలోలు, ఆడపిల్ల. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అంటారే, ఆవిడ ఆ రాత్రి ఎన్ని పట్టిందో నేను లెక్కపెట్టలేదు.

డిశ్చార్జి కాగితంలో డాక్టర్ పేరుంది, యూనిట్ ఉంది, బెడ్ నంబరు ఉంది. సిస్టర్ లేదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివినవాళ్ళని నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ రెండు రకాలుగా నమోదు చేస్తారు, అంటే చదువులో మంత్రసాని ఉంది, ఇన్సూరెన్స్ లెక్కలో లేదు. నాకు నచ్చనిది ఇదే. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది, నర్సులకి 18 నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి, ఇబ్బంది లేని కాన్పులు వాళ్ళ చేతికే ఇవ్వాలని. మంచిదే, కానీ డబ్బు కట్టే పథకాల్లో ఆ పనికంటూ ఒక పద్దు రాకపోతే ఎవరు పట్టించుకుంటారు? అమెరికాలో ఉండే మా పెదనాన్న కూతురికి చెబితే, అక్కడ పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా మెడికెయిడ్‌లో నర్స్-మిడ్‌వైఫ్ సేవలు తప్పనిసరిగా ఇవ్వాల్సిన జాబితాలోనే ఉంటాయంది. అమెరికా వైద్యం బిల్లులు తలుచుకుంటే మనదే నయం, అది వేరే సంగతి.

ఇక డబ్బుల విషయం. ఈఎస్‌ఐలో మందులూ కాన్పూ ఉచితం, అది కాక ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి 26 వారాల జీతం వస్తుంది (భర్త కార్డు మీద వెళ్ళేవాళ్ళకి వైద్యమే, ఈ జీతం ఉండదు). అంతకుముందు వరసగా రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లలో (ఒక్కోటి ఆర్నెల్ల చందా గడువు) కలిపి 70 రోజుల చందా పడి ఉండాలి. మా చెల్లికి పడింది, కానీ సొమ్ము రెండు నెలలు ఆగింది. ఎందుకంటే కంపెనీ హెచ్‌ఆర్ ఇక్కడి పద్ధతిలో ఇంటిపేరు తీసేసి నాన్న పేరులో మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెట్టాడు, ఆధార్‌లోనేమో మన నెల్లూరు ఇంటిపేరు పూర్తిగా ఉంది. పచ్చి బాలింత ఫోన్ చేస్తే "రేపు చూద్దామమ్మా" అనడం, ఆ రేపు ఎప్పటికీ రాకపోవడం. చివరికి నేనే గేటు దగ్గర కూర్చుంటే కదిలింది.

కార్డు ఉన్నవాళ్ళు నాలుగో నెల దాటకముందే పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూసుకోండి. సిస్టర్‌కి స్వీట్ బాక్స్ తీసుకెళ్తే ఒక్క మైసూర్‌పాక్ ముక్క తీసుకుని మిగతాది వార్డులో పంచమంది, అప్పటికే ఇంకో అమ్మాయిని లోపలికి తీసుకొస్తున్నారు.