కంపెనీ శిక్షణా, ఆసుపత్రి మరమ్మతుల గదా?

బయోమెడికల్ (వైద్య పరికరాల) పాఠాలు చెప్పే పాలిటెక్నిక్ అధ్యాపకులకు వేసవి సెలవుల్లో రెండు దారులుంటాయి: తయారీ కంపెనీ ఇచ్చే శిక్షణ, లేదా పెద్దాసుపత్రి మరమ్మతుల గదిలో ఒక నెల. నేను రెండూ చేశాను.

కంపెనీ శిక్షణలో క్రమం ఉంటుంది. గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ను రోగి శరీరానికి బదులు 50 ఓమ్‌ల లోడ్‌పై పరీక్షించడం, యంత్రం నుంచి రోగికి పారే లీకేజీ కరెంటు కొలవడం పద్ధతిగా నేర్పుతారు. గుండెను నేరుగా తాకే భాగాలకు మామూలు స్థితిలో ఆ కరెంటుకు హద్దు 10 మైక్రోఆంపియర్లేనన్న సంగతి నా మనసుకెక్కింది అక్కడే. కానీ యంత్రాలన్నీ కొత్తవి, లోపాలన్నీ కావాలని పెట్టినవి.

ఆసుపత్రిలో అలా కాదు. ఒక ఉదయం వార్డు నుంచి ఈసీజీ యంత్రం వచ్చింది. సహాయకుడికి తగిలించి చూస్తే గీత గొంగళిపురుగులా మందంగా పడుతోంది. నేను బోర్డు విప్పబోయాను. "ముందు కుడికాలి క్లిప్పు చూడండి సార్" అన్నాడు టెక్నీషియన్. లోపలి రేకు మీద ఎండిన జెల్ తెల్లగా పేరుకుని ఉంది. శుభ్రంగా తుడిచి, కొత్త జెల్ రాయగానే కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల పోయి గీత సన్నబడింది. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే ఆక్సిజన్ కాన్సంట్రేటర్లదీ ఇదే కథ: ఫిల్టర్‌కు దుమ్ము పడితే కంప్రెసర్ వేడెక్కుతుంది, లోపలికి తేమ చేరితే జియోలైట్ అనే పదార్థం గాలిలోని నైట్రోజన్‌ను సరిగా పట్టుకోలేదు.

సర్టిఫికెట్ కావాలంటే కంపెనీ శిక్షణే మేలు. పాఠం కోసమైతే మాత్రం నా ఓటు ఆసుపత్రికే. ఇప్పుడు మా ప్రయోగశాలలో మొదటి తరగతి స్క్రూడ్రైవర్‌తో కాక, కేబుళ్లు, క్లిప్పులు, ఫిల్టర్లతో మొదలవుతోంది.