సిగ్నల్ లేని చోట చిరునామా: ఆఫ్‌లైన్ మ్యాపుతో మూడేళ్లు

నాది సౌర పంపుల మరమ్మతు పని. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల వైపు తిరుగుతుంటాను. ఘాట్ ఎక్కాక చాలా చోట్ల ఫోనుకు సిగ్నల్ అందదు. కానీ పంపు ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలతో పాటు ఊరు, దారి పేరు అక్కడికక్కడే కాగితం మీద రాసి రైతు సంతకం తీసుకోవాలి. అందుకే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా వివరాలు చేర్చగల ఉచిత మ్యాపు) సమాచారంతో నడిచే ఒక ఉచిత యాప్‌ను మూడేళ్లుగా వాడుతున్నాను. మ్యాపు ఇంట్లోనే ఒకసారి దించుకుంటే చాలు. తర్వాత కావలసిన చోట వేలితో నొక్కి పట్టుకుంటే దగ్గరి దారి, ఊరు పేరు చూపిస్తుంది. నెట్ అక్కర లేదు.

పట్టణాల్లో వీధి పేరు చాలావరకు సరిపోతుంది, డోర్ నంబరు మాత్రం ఆశించకండి. కొండల్లో సంగతి వేరు. పోయిన వానాకాలం ఒక గెడ్డ ఒడ్డున పంపు బాగుచేసి నొక్కి చూస్తే అవతలి గట్టు మీది ఊరి పేరు వచ్చింది. తిన్నగా గీత గీస్తే ఏది దగ్గరో అదే యాప్‌కు దగ్గర, మధ్యలో పారే నీళ్లు దాని లెక్కలోకి రావు. పేరు చదవగానే రైతు తల అడ్డంగా ఊపాడు. "అది మా ఊరు కాదు బాబూ, అక్కడికి పోవాలంటే వంతెన దాకా చుట్టు తిరగాలి" అన్నాడు. ఆ రోజు నుంచి తెర మీది పేరును అక్కడి మనిషికి వినిపించాకే రాస్తున్నాను.

ఇంకో మాట. నెట్ లేనప్పుడు ఉపగ్రహాల సమాచారం నేరుగా ఆకాశం నుంచే రావాలి కాబట్టి మొదటిసారి చోటు దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. చెట్టు నీడ వదిలి బయట నిలబడండి. అక్షాంశ రేఖాంశాల అంకెల్లో దశాంశం తర్వాత కనీసం ఐదు స్థానాలు రాసుకోండి. నాలుగుతో ఆపితే ఒక్కో మెట్టు దాదాపు 11 మీటర్లు, అంతలో పక్క పొలం వచ్చేస్తుంది.

తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్‌ను కూడా ఇప్పుడు పక్కన రాస్తున్నాను. హైదరాబాద్ ఐఐటీ, ఇస్రోవారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ)తో కలిసి తయారుచేసినది. దాదాపు నాలుగు మీటర్ల చదరానికి పది అక్షరాల గుర్తు, అక్షాంశ రేఖాంశాల నుంచి నెట్ లేకుండానే లెక్కకట్టవచ్చు. చోటు గుర్తించడానికి అది బాగా పనికొస్తుంది. కానీ దారిలో ఎవరినైనా అడగాలంటే ఊరి పేరే కావాలి.

ఆ పేర్లే మ్యాపులో తక్కువ. ఎవరైనా ఎక్కిస్తేనే ఉంటాయి. గెడ్డ ఇవతలి ఆ గూడెం పేరును రైతు పలికినట్టే తెలుగులో నేనే ఎక్కించాను. తర్వాత కొత్త మ్యాపు దించుకుని వెళ్లి, సిగ్నల్ లేని అదే ఒడ్డున నొక్కి చూపించాను. ఈసారి అతను తల నిలువుగా ఊపాడు. నా పుస్తకంలో ఇంకా పదకొండు గూడేల పేర్లు ఉన్నాయి, వానలు తగ్గగానే ఎక్కిస్తాను.