బెజవాడ నుంచి గండికోట ట్రెక్కింగ్ ప్యాకేజీ: లోయ బాగుంది, వ్యాన్ బాలేదు

మనిషికి 4,200 రూపాయలు. శుక్రవారం రాత్రి బెంజి సర్కిల్ దగ్గర ఎక్కించుకుని, గండికోట లోయలోకి దించి, పెన్నలో కయాకింగ్ చేయించి, రాత్రికి టెంట్లలో పడుకోబెట్టి, మర్నాడు బెలూం గుహలు చూపించి, ఆదివారం రాత్రికల్లా ఇంటికి చేరుస్తామన్నారు. డిసెంబరులో రెండో శనివారం కలిసొచ్చిందని నేనూ మా చెల్లెలూ డబ్బులు కట్టేశాం. నిర్వాహకుల పేరు రాయట్లేదు. ఇలా తీసుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లతో వెళ్లొచ్చిన మా ఆఫీసువాళ్లు చెప్పేదీ ఇదే కథ.

ముందే చెప్పేస్తా. లోయలోకి దిగి పైకొచ్చిన ఆ మూడు గంటల కోసం వెళ్లొచ్చు. మిగతాదంతా ఎవరికి వాళ్లు సగం ఖర్చుతో చేసుకోగలిగిందే.

మాకు గుంటూరు చుట్టుగుంట దగ్గర పదిన్నరకి రమ్మన్నారు. వ్యాన్ వచ్చింది పదకొండు నలభైకి. ఆ గంటా పది నిమిషాలు చలిలో, దోమల్లో, మూసేసిన షాపు మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లం కూర్చున్నాం. ఫోన్ చేసినప్పుడల్లా "మంగళగిరి దాటేశాం మేడమ్" అన్నారు, మూడుసార్లూ అదే మంగళగిరి. సీట్లు పన్నెండు, ఎక్కినవాళ్లం పద్నాలుగు మందిమి. వెనక సీటు వాలదు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం దాకా ఎలాగో కళ్లు మూసుకున్నాం గానీ గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్ మలుపుల్లో మా చెల్లెలికి కడుపులో తిప్పడం మొదలైంది. "అక్కా, ఇక్కడే దిగిపోతానే" అంది, పులులున్న అడవిలో. చింతపండు చప్పరించమని ఇచ్చా. నంద్యాల వచ్చేసరికి కుదుటపడింది.

జమ్మలమడుగు చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించారు, దీనికి మాత్రం పూర్తి మార్కులు. మనవైపు బొరుగులంటే పిడత కింద పప్పే కదా. అక్కడ వాటినే నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపేసి, పుట్నాల పొడి చల్లి పెడతారు. నేను రెండు ప్లేట్లు తిన్నాను. తర్వాత కొండ ఎక్కేటప్పుడు అనుభవించాను లెండి.

అక్కణ్ణుంచి కోట 15 కిలోమీటర్లు. ఊరు ఇప్పటికీ కోట లోపలే ఉంది, జనం కాపురాలుంటున్నారు. మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి అన్నీ నడిచే దూరంలోనే. పెమ్మసాని నాయకుల కోట ఇది, తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. మన కొల్లూరు గనుల గురించి రాసిపెట్టిన మనిషే. ఆ గనులేమో ఇప్పుడు పులిచింతల నీళ్ల అడుగున ఉన్నాయి. ఇవేవీ మాతో వచ్చిన కోఆర్డినేటర్ అబ్బాయి చెప్పలేదు. అతను చెప్పింది ఫొటో ఎక్కడ బాగా వస్తుందన్నదే. చరిత్ర కావాలంటే చదువుకునే వెళ్లండి.

మసీదు దాటి రాళ్ల మీదుగా నడుస్తూ ఉంటే ఒక్కసారిగా ముందు నేల అయిపోతుంది. గండి అంటే మనకి కాలవకి పడేది, చెరువుకి పడేది. ఇక్కడ కొండకి పడింది. నంది కొండల దగ్గర పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలిసే పెన్న, మధ్యలో ఈ ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయింది. బ్యారేజీ మీద నుంచి కృష్ణని చూస్తూ పెరిగిన నాకు నది అంటే వెడల్పే, ఇటు గట్టు నుంచి అటు గట్టు మసగ్గా కనపడాలి. ఇక్కడ అవతలి గోడ మీద మొలిచిన చెట్టు కొమ్మలు కూడా లెక్కపెట్టొచ్చు, నది మాత్రం ఎక్కడో పాతాళంలో ఆకుపచ్చగా, కదులుతుందో లేదో తెలియకుండా పడి ఉంది. రాయి ఎర్రగా, పెట్టెల మీద పెట్టెలు పేర్చినట్టు ఉంటుంది. ఇసుకరాయి గట్టిపడి మారిన క్వార్ట్‌జైట్ అట, భూగర్భ శాస్త్రంలో ఈ పొరకి గండికోట పేరే పెట్టారు. అంచున చాలా చోట్ల రెయిలింగ్ లేదు. చిన్నపిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు చెయ్యి వదలకండి, సెల్ఫీల పిల్లల్నయితే అసలు వదలకండి.

ఇక దిగుడు సంగతి. ఈ ప్యాకేజీలో డబ్బు పెట్టదగ్గ మనిషి ఒకే ఒక్కడు. వాళ్లు మాట్లాడి పెట్టిన ఆ ఊరి పెద్దాయన. యాభై దాటాయి, మేకలు కాసిన మనిషి, కాళ్లకి హవాయి చెప్పులు. నేను బ్రాడీపేటలో రెండు వేలు పోసి కొన్న బూట్లేసుకుని జారుతుంటే ఆయన వరండాలో నడిచినట్టు దిగుతున్నాడు. దారి అని చెప్పుకోడానికి ఏమీ లేదు. రాళ్ల మధ్య సందులు, ముళ్ల కంపలు, అక్కడక్కడా మేకలు నడిచిన గీత. ఆయన లేకపోతే మొదటి ఇరవై అడుగుల్లోనే తప్పిపోతాం. "రాయిని కాలితో తట్టి సూసినాకనే బరువెయ్యండి మా" అని ప్రతి పది అడుగులకీ చెప్తూనే ఉన్నాడు. ఎండిన కొమ్మ పట్టుకోనివ్వడు. నిటారుగా ఉన్నచోట పక్కకి తిరిగి, పీతలాగా దిగమన్నాడు, అలా దిగితే నిజంగానే మోకాళ్ల మీద భారం తగ్గింది. "ఎక్కేటప్పుడు ఊపిరి పోతాది, దిగేటప్పుడు మోకాళ్లు పోతాయి, ఏది కావాల్నో మీరే సెప్పండి" అని నవ్వించాడు. మాతో వచ్చిన కుర్రాళ్లు ముందుకు పరిగెత్తబోతే మాత్రం గట్టిగా ఒక్క అరుపు అరిచాడు, లోయ అంతా మోగింది, మళ్లీ ఎవరూ కదల్లేదు.

నేను దీనికోసం నవంబరు అంతా ఆదివారాలు కొండవీడు వెళ్లి మెట్లెక్కి దిగాను. అది చాలా పనికొచ్చింది. మా చెల్లెలు ఏ సాధనా చేయకుండా సాండల్స్‌తో వచ్చింది, సగం దారిలో పట్టీ తెగింది, పెద్దాయన తన తువ్వాలు అంచు చింపి కట్టాడు. మడమ పట్టుకునే బూట్లు కావాలని ప్యాకేజీవాళ్లు ముందే మెసేజ్ పెట్టి ఉండాల్సింది. వాళ్లు పెట్టిన మెసేజ్‌లో ఉన్నది "కలర్‌ఫుల్ డ్రెస్సులు తెచ్చుకోండి" అని.

కింద నీళ్ల దగ్గర కూర్చున్నాక అరగంట ఎవరం మాట్లాడలేదు. చప్పుడంతా పైనే ఉండిపోయింది. పావురాలు గోడ సందుల్లోంచి లేచి మళ్లీ అక్కడే వాలడం, ఎండ అవతలి గోడ మీద నుంచి మెల్లగా కిందకి జారడం, అంతే. నీళ్లలో దిగనివ్వలేదు పెద్దాయన. లోతు తెలీదు, కింద మైలవరం డ్యామ్, పైన గండికోట డ్యామ్, నీళ్లు ఎప్పుడెంత ఉంటాయో చెప్పలేమన్నాడు. మంచి పని చేశాడు.

కయాకింగ్ లేదు. పైకొచ్చాక చెప్పారు, "ఇవాళ పడవలు లేవు మేడమ్" అని. దానికి తీసుకున్న డబ్బు తిరిగివ్వమంటే "ప్యాకేజీలో విడదీయం" అన్నారు. ఇది మోసం కాకపోతే ఇంకేంటో నాకు తెలీదు.

రాత్రి టెంట్లు. పరుపు బాగానే ఉంది, దుప్పటి పలచన. పద్నాలుగు మందికి ఒక్క బాత్‌రూమ్, అదీ నూరు గజాల దూరంలో, దారిలో లైటు లేదు. ఆడవాళ్లు టార్చి తప్పకుండా తీసుకెళ్లండి. రాగి సంగటి, నాటుకోడి పులుసు వేడివేడిగా పెట్టారు. శాకాహారం తినేవాళ్లకి మాత్రం పప్పు, మజ్జిగ, అంతే. తర్వాత మంట చుట్టూ స్పీకర్ పెట్టి అర్ధరాత్రి దాకా డీజే పాటలు. పక్క టెంట్లవాళ్లది ఇంకో స్పీకర్. ఇంత దూరం వచ్చింది ఇదేనా వినడానికి? ఆపమని అడిగితే కోఆర్డినేటర్ "ఎంజాయ్ చెయ్యండి ఆంటీ" అన్నాడు. ఆ ఆంటీకి ఒక స్టార్ అదనంగా తగ్గించాను.

తెల్లవారుజామున ఐదున్నరకి ఎవరూ లేపకుండానే లేచి ఇద్దరం అంచుకి వెళ్లాం. స్పీకర్లవాళ్లంతా నిద్రలో ఉన్నారు. సూర్యుడు పొడిచేటప్పుడు ముందు అవతలి గోడ పై అంచు ఒక్కటే ఎర్రబడింది, నది ఇంకా చీకట్లోనే ఉంది. చెల్లెలు నా భుజం మీద చెయ్యేసి నిలబడింది గానీ ఒక్క ఫొటో కూడా తీయలేదు. అది ఫొటో తీయకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

బెలూం గురించి ఎక్కువ రాయను. మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు గుహ, ఒకటిన్నర కిలోమీటరు దాకా చూడనిస్తారు, లోపల ఉక్కపోత, లైట్లున్నాయి, పాతాళగంగ దాకా హాయిగా నడవొచ్చు. దారంతా నాపరాళ్ల గుట్టలు, మన వంటింటి గట్ల మీదకి వచ్చేవి ఇటునుంచే కాబోలు. మాకిచ్చింది నలభై నిమిషాలే, చాల్లేదు. తిరుగు ప్రయాణం సోమవారం తెల్లవారి నాలుగింటికి ముగిసింది, పదింటికి ఆఫీసు.

ఈసారి నేనైతే ఇలా చేస్తా. గుంటూరు నుంచి నంద్యాలకి రైలెక్కుతా, అదీ పగటి రైలు. మార్కాపురం, గిద్దలూరు దాటాక నల్లమల మధ్యలోంచి, సొరంగంలోంచి పోతుంది, కిటికీ సీటు దొరికితే ప్రయాణమే సగం సరదా. నంద్యాల నుంచి జమ్మలమడుగు బస్సు, అక్కణ్ణుంచి ఆటో. కోట దగ్గర టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, గదికి తలుపూ, తలుపుకి గడియా, లోపలే బాత్‌రూమూ. ఊళ్లో అడిగితే లోయలోకి దించే మనుషులు దొరుకుతారు, వాళ్ల కూలీ వాళ్ల చేతికే ఇవ్వొచ్చు. మా పెద్దాయనకి ప్యాకేజీవాళ్లు ఎంత ఇస్తున్నారో అడిగాను, నవ్వి ఊరుకున్నాడు. వచ్చేటప్పుడు చేతిలో ఐదొందలు పెట్టి, చినిగిన తువ్వాలుకి ఇంకో రెండొందలు ఇచ్చాం. ఆ రెండొందలు తీసుకోలేదు.

ఐదుకి రెండు స్టార్లు, రెండూ ఆయనవే. వేసవిలో మాత్రం వెళ్లకండి, కడప ఎండకి ఆ రాయి పెనం అవుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా చాలు. చెల్లెలు సంక్రాంతి సెలవులకి మళ్లీ వెళ్దామంటోంది. ఆ వ్యాన్‌లో అయితే నేను రానని చెప్పాను. సాండల్స్‌తో అయితే నిన్ను తీసుకెళ్లనని కూడా చెప్పాను.